ఆరో కార్నేషన్

"శనివారం పన్నెండున్నరకి రిమ్మా పావ్లోవ్నా చేతులకి బేడీలు పడాలి," అన్నాడు కల్నల్ దెమెంతియెవ్. "లైవ్‌లో. జనం చూస్తుండగా."

కొలుపాయెవ్ కుర్చీ అంచున కూర్చుని విన్నాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ రహస్య పోలీసు ఆఫీసులో అలాగే కూర్చుంటున్నాడు. కల్నల్ అతనికన్నా పదమూడేళ్ళు చిన్న. అయినా కల్నల్ అతన్ని నువ్వంటాడు, అతను కల్నల్‌ని మీరంటాడు.

టేబుల్ మీద రిమ్మా ఫొటో ఉంది. లుగోవ్‌స్క్‌లో ఆ మొహం తెలియని ఇల్లు లేదు. పదకొండేళ్ళపాటు ప్రతి శనివారం రిమ్మా పావ్లోవ్నా టీవీ కెమెరాతో ఎవరో ఒకరింటికి వెళ్ళేది. వాళ్ళ వంటింట్లో స్టూలు లాక్కుని కూర్చుని, పెట్టింది తిని, కబుర్లు చెప్పేది. కార్యక్రమం పేరు 'వంటింటి తలుపు'. ఏడాదిన్నర కిందట ఒక ముసలమ్మ ఇంట్లో కప్పు కారి సూప్ గిన్నెలో నీళ్ళు పడ్డాయి. రిమ్మా ఆ సూప్ తాగింది. కెమెరా వైపు తిరిగి, "గవర్నరు గారూ, మీక్కూడా ఓ ప్లేటు తీసి ఉంచాం, రండి," అంది. మరుసటి శనివారం ఆ టైముకి బాతుల గురించి డాక్యుమెంటరీ వేశారు.

ఇప్పుడామె ఆ గవర్నరు మీదే పోటీకి నిలబడింది. పోలింగ్‌కి ఇంకా తొమ్మిది రోజులు.

"ఆపరేషన్ పేరు 'తోట'," అన్నాడు కల్నల్. "హెల్సింకీలో లైట్‌హౌస్ అని ఒక ముఠా ఉంది. మన దేశంలో మనుషుల్ని కొంటుంది, రహస్యాలు అమ్ముతుంది. రిమ్మా వాళ్ళ ఏజెంట్."

"నిజంగానా?"

"ముఠా నిజం. దానికి ఆఫీసుంది, కోడ్‌లున్నాయి, మనుషులున్నారు. ఈవిడొక్కతే అందులో లేదు. ఆ ఒక్క లోటూ మనం పూడుస్తున్నాం."

కొలుపాయెవ్ ఇంకేమీ అడగలేదు. అడక్కపోవడమే అతని వృత్తి.

కల్నల్ ఒక సిగార్ పెట్టె తెరిచాడు. అందులో ఎర్ర కార్నేషన్ పువ్వు ఒకటి. రేకులు పట్టు గుడ్డవి, వాసన కూడా అద్దారు. కాడ మాత్రం ఉక్కు గొట్టం, పైన ఆకుపచ్చ మైనం పూత. గొట్టంలో మైక్రోఫిల్మ్ చుట్ట, దాని కింద గోరంత ట్రాన్స్‌మిటర్.

"ఫిల్మ్‌లో లైట్‌హౌస్ ఆమెకి పంపిన ఆదేశాలుంటాయి. మన టైపిస్టు బాగా రాశాడు. పువ్వు సిగ్నల్ ఇస్తుంది, మనవాళ్ళ దగ్గర దాన్ని పట్టి చూపించే ముల్లున్న పెట్టె ఉంటుంది. జనం మన మాట నమ్మరు. మెషీన్ని నమ్ముతారు. దేశద్రోహం, పదిహేనేళ్ళు."

"నా పాత్ర?"

"అభిమానివి. ముసలాడివి, పెళ్ళాం పోయినవాడివి, చెవిటివాడివి. మొదటి రెండిటికీ నీకు మేకప్ అక్కర్లేదు." కల్నల్ నవ్వి, చెవిలో పెట్టుకునే వినికిడి మెషీన్ ఒకటి ముందుకు తోశాడు. "మూడోదానికి ఇది. దీంట్లో నేనుంటాను. నువ్వు విన్నదంతా నేనూ వింటాను. పూల కొట్లో నాలుగు కొను. మనది ఐదోది. లోపల ఇంగా చూసుకుంటుంది."

ఇంగా రిమ్మాకి ప్రెస్ సెక్రటరీ. పొడుగు కాళ్ళు, బూడిదరంగు కళ్ళు, ఎవరితో మాట్లాడినా ఆ మనిషికి తానే లోకం అనిపించే గొంతు. హెల్సింకీ వాళ్ళు ఆమెను తమ మనిషి అనుకుంటారు. కల్నల్ తన మనిషి అనుకుంటాడు. రిమ్మా అయితే చెల్లెలనుకుంటుంది.

ఒక్క సంగతి కొలుపాయెవ్ కల్నల్‌కి చెప్పలేదు. ఏడేళ్ళ కిందట రిమ్మా అతని వంటింటికి కూడా వచ్చింది.

ఉత్తరం రాసి పిలిచింది ఆల్యా, అతని భార్య. మొగుడు ఇళ్ళకి వేడినీటి గొట్టాలు వేసే హీటింగ్ ఆఫీసులో ఫిట్టరని ఆమె నమ్మకం. ఏజెంట్ మొహం టీవీలో పడకూడదు. అందుకని షూటింగ్ జరిగిన గంటా పది నిమిషాలూ అతను బాత్‌రూంలో తొట్టి అంచున కూర్చున్నాడు. మధ్యలో దగ్గు ఆగలేదు. "గొట్టాలండీ, పాత బిల్డింగు కదా," అంది ఆల్యా అవతల. వంటింట్లో అందరూ నవ్వారు. ఆమె బతుకులో అదొక్కటే పండగ. ఆ పండగలో మొగుడు గొట్టమయ్యాడు.

ఆల్యా పోయి రెండేళ్ళు. ఆఖరి చలికాలం మంచంలో ఆ రికార్డింగే మళ్ళీ మళ్ళీ వేసుకుని చూసింది. పోయిన రోజున కొలుపాయెవ్ డ్యూటీలో ఉన్నాడు. గోడ మీద ప్రభుత్వాన్ని తిట్టే కాగితం అంటించిన ఒక స్కూలు టీచరు వెనకాల మూడు రోజులు తిరిగాడు. ఆ టీచరు పేరు, అడ్రసు, ఎక్కిన ట్రామ్ నంబరు అతనికి ఇప్పటికీ గుర్తే. ఆల్యా ఆఖరి మాట ఏమిటో తెలియదు.

*

పడవ కార్మికుల క్లబ్బు ఎదురుగా పూల కొట్టు. కొట్లో మనిషి లావుపాటి ఆడది, ఉన్ని చేతితొడుగులకి వేళ్ళు కత్తిరించుకుంది.

"నాలుగు కార్నేషన్లు. ఎర్రవి."

"ఎవరు పోయారు బాబాయ్?"

"ఎవరూ పోలేదు. బతికున్న మనిషికే."

ఆమె చెయ్యి ఆగిపోయింది. "బతికున్న మనిషికి నాలుగా? మతుందా నీకు? ఎవరా దౌర్భాగ్యురాలు, అత్తగారా?"

"రిమ్మా పావ్లోవ్నాకి."

"మన రిమ్మాకా! చేతులు పడిపోతాయి నాకు." లుగోవ్‌స్క్‌లో నడక నేర్చిన పిల్లకి కూడా తెలిసిన సంగతే: బతికున్నవాళ్ళకి బేసి, చచ్చినవాళ్ళకి సరి. ఆమె ఇంకో పువ్వు లాగి మిగతావాటితో కలిపి చుట్టేసింది. "ఐదోది నా తరఫున ఇచ్చానని చెప్పు. ఆ గవర్నరుగాడికైతే ఓ డజను ఊరికే ఇస్తాను, వచ్చి తీసుకోమను."

కొలుపాయెవ్ సందులోకి తిరిగి, కోటు లోపలి నుంచి ఆఫీసు పువ్వు తీసి మధ్యలో దూర్చాడు. ఐదూ ఒకటీ ఆరు. మామూలు రోజున అయితే తెలిసేదే. కాని రెండేళ్ళుగా ప్రతి శనివారం ఆల్యా సమాధికి అతను మోసుకెళ్ళేవి ఆరే. చేతికి బరువు అలవాటైనదే తగిలింది. ఎక్కడా తేడా అనిపించలేదు.

"టార్గెట్ హాల్లోనే ఉంది," అంది చెవిలో కల్నల్ గొంతు. "కదులు."

క్లబ్బు లోపల నాలుగొందల మంది. కుర్చీలు చాలక కిటికీ గట్ల మీద కూడా ఎక్కారు. స్టేజీ పక్క తలుపు దగ్గర ఎర్ర స్కార్ఫ్‌తో ఇంగా నిలబడి ఉంది.

"నది అప్పుడే గడ్డకట్టిందా తాతా?" అంది, అతని పూల వైపు చూస్తూ.

"ఒడ్డు వరకే. నడుమ ఇంకా పారుతోంది."

కోడ్ సరిపోయింది. ఇంగా పెదాలు కదపకుండా చెప్పింది. "పన్నెండూ పదికి ఆవిడ దిగి వచ్చి పూలు తీసుకుంటుంది. ఇరవైకి స్టేజీ ఎక్కుతుంది. ముప్పైకి మనవాళ్ళొస్తారు. ఆ గుత్తి ఆవిడ చేతిలోంచి జారకుండా నేను చూసుకుంటాను. క్లావా ముసల్దాన్ని మాత్రం దాటాలి."

క్లావా పిన్ని టీవీ రోజుల నుంచీ రిమ్మాకి మేకప్ వేసే మనిషి. కార్యక్రమం పోతే ఆమె కూడా ఉద్యోగం మానేసి వెనకాలే వచ్చింది. వరసలో నిలబడ్డ ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసి పంపుతోంది.

"ఏం తెచ్చావు తాతా? చూపించు." వేలితో మొగ్గలు తాకుతూ లెక్కపెట్టింది. లెక్క పూర్తయ్యేసరికి ఆమె మొహం ఎర్రబడింది. "ఆరు! ఆరట! పెళ్ళికొచ్చావా, పూడ్చడానికొచ్చావా?"

గూఢచారి అకాడమీలో కొలుపాయెవ్‌కి ఆరు భాషల్లో అబద్ధమాడటం నేర్పారు. ఆరు పూలు లెక్కపెట్టుకోవడం నేర్పలేదు.

"పొరపాటు. కొట్లో ఒకటెక్కువ..."

"ముసలితనమొచ్చింది గాని లెక్క రాలేదు." ఆమె ఒక పువ్వు పీకి అతని చేతిలో పెట్టింది. అతను కాడ తడిమాడు. మెత్తగా, తడిగా ఉంది. నిజం పువ్వే.

"బాగానే గట్టెక్కావు," అన్నాడు చెవిలో కల్నల్. "నిలబడు."

అప్పుడే రిమ్మా వచ్చింది. టీవీలోకన్నా పొట్టిగా ఉంది. కళ్ళ కింద అలసట. గుత్తి అందుకుని, చెవిలో మెషీన్ చూసి, అతనికి వినబడాలని దగ్గరికి వంగి గట్టిగా మాట్లాడింది.

"ఎక్కడుంటారండీ మీరు?"

"కుమ్మరి వీధి," అన్నాడు. అబద్ధం సిద్ధం చేసుకునే ఉన్నాడు. నోరు మాత్రం నిజం చెప్పేసింది. "పద్నాలుగో నంబరు."

రిమ్మా కనుబొమలు ముడిచింది. "పద్నాలుగు... మూడో అంతస్తు. పసుపు టైల్స్. ఆల్యా! క్యాబేజీ కూరిన రొట్టె, ఆ పిరోగ్ చేసిన ఆల్యా!" గబుక్కున అతని చెయ్యి పట్టుకుంది. "ఆగండాగండి. ఆ గొట్టం మీరేనా?"

కొలుపాయెవ్ తల దించుకున్నాడు.

"క్లావా, ఇలా రా! బాత్‌రూంలో దగ్గిన గొట్టం ఈయనే! సౌండ్ కుర్రాడు ఆ రోజే చెప్పాడు, గొట్టాలు అలా దగ్గవు మేడమ్ అని." ఆమె నవ్వుతోంది, ఎగతాళి లేదు. "ఆల్యా ఏమన్నారో తెలుసా నాతో? కెమెరా కట్టేశాక చెప్పారు. మా ఆయన మంచోడు, కొత్తవాళ్ళంటే బిడియం, బాత్‌రూంలో కూచున్నాడు పాపం, మీరు త్వరగా వెళ్తే ఆయనకి వేడి వేడిగా పిరోగ్ పెడతాను అని. నేను రెండు ముక్కలు తినాల్సింది ఒకటి తిని లేచాను. ఎలా ఉన్నారావిడ? కొత్త సంవత్సరానికి ఎప్పుడూ కార్డు రాసేవారు. రెండేళ్ళుగా రావట్లేదు."

"పోయింది."

రిమ్మా నవ్వు ఆగిపోయింది.

"దేవుడు ఆవిడకి శాంతినివ్వాలి," అంది. అతని చేతిలో ఉన్న పువ్వు చూసింది. "ఇది ఆల్యాకా? ఒక్కటేమిటండీ, పోయినవాళ్ళకి ఒక్కటిస్తారా? ఉండండి." తన గుత్తిలోంచి ఒకటి తీసి అతనికిచ్చింది. "నా పేరు చెప్పి పెట్టండి."

అతను వేళ్ళతో తడిమాడు. ఇదీ నిజం పువ్వే.

"సరిపోయింది," అని తల పట్టుకుంది క్లావా పిన్ని. "ఇప్పుడు నీ చేతిలో నాలుగు! వారం రోజుల్లో ఎన్నికలు పెట్టుకుని నాలుగు పూలు పట్టుకుని స్టేజీ ఎక్కుతావా?"

"అబ్బా, అయితే ఇంకోటి తీసెయ్యి." రిమ్మా గుత్తి కొలుపాయెవ్ ముందుకు చాపింది. "మీరే తీయండి. మీరు తెచ్చిన పూలు కదా."

నాలుగు పూలు. మూడు మెత్తనివి. ఒకటి చల్లగా, నున్నగా, ఉక్కు.

"మెత్తనిది తియ్యి," అన్నాడు కల్నల్ చెవిలో. గొంతు మామూలుగానే ఉంది. కొలుపాయెవ్ తీసేది మెత్తనిదేనని అతని నమ్మకం. "తీసి పక్కకి తప్పుకో."

ఇది ధైర్యం అని ఎవరైనా అనుకుంటే పొరపాటు. కొలుపాయెవ్‌కి ధైర్యం ఉంటే మొదటి రోజే ఆ సిగార్ పెట్టె వెనక్కి తోసేవాడు. ఆ క్షణాన అతనికి కనబడింది ఒక ముక్క పిరోగ్. తను తిన్నది. తినకుండా ఈవిడ తన కోసం వదిలి వెళ్ళినది. ఆ రోజు ఆల్యా ప్లేటు తెచ్చి పెడితే, "అరగంట లేటు చేశారు," అని విసుక్కుంటూ తిన్నాడు.

అతని చెయ్యి చల్లని కాడ పట్టుకుని లాగింది. తలుపు దగ్గర ఇంగా అది చూసి ఎర్ర స్కార్ఫ్‌లోకి ఏదో గొణిగింది.

"ఏం చేశావ్?" కల్నల్ గొంతు మారింది. "కొలుపాయెవ్! ఏ పువ్వు తీశావ్?"

కొలుపాయెవ్ చెవిలోంచి మెషీన్ తీసి జేబులో వేసుకున్నాడు. లోకం ఒక్కసారి నిశ్శబ్దమైనట్టనిపించింది, నాలుగొందల మంది అరుస్తున్నా.

రిమ్మా మూడు పూలతో స్టేజీ ఎక్కింది. పన్నెండూ ఇరవై.

ఇంగా అతని మోచెయ్యి పట్టుకుని తెర వెనక్కి లాగింది. గొంతులో తేనె ఒక్క చుక్క లేదు. "పిచ్చెక్కిందా? ఇటివ్వు. ఇంకా పది నిమిషాలుంది. నేనే పెడతాను."

"లెక్క కుదరదమ్మాయ్."

"ఏం లెక్క?"

"ఆవిడ బతికున్న మనిషి, మూడు. మా ఆవిడ పోయింది, రెండు. ఇది మిగిలింది."

"మిగిలితే?"

"పూర్తిగా బతకనివాళ్ళూ, పూర్తిగా చావనివాళ్ళూ కొందరుంటారు. వాళ్ళది." అతను ఆ పువ్వు తన కోటు బొత్తాం కన్నంలో గుచ్చుకున్నాడు. "లాక్కుంటావా, లాక్కో. కిటికీ మీద కుర్రాళ్ళు ఫోన్లతో తీస్తున్నారు. ముగ్గురి దగ్గరా పని చేసే పిల్లవి, ఎవరి తరఫున లాక్కున్నావో తర్వాత వాళ్ళకి చెప్పుకో."

ఇంగా కిటికీల వైపు చూసింది. అతని చెయ్యి వదిలేసింది. మరో నిమిషానికి ఎర్ర స్కార్ఫ్ వెనక ద్వారం దాటిపోయింది. ఆ తర్వాత ఆమెను లుగోవ్‌స్క్‌లో ఎవరూ చూడలేదు. హెల్సింకీలో చూశామన్నవాళ్ళున్నారు. కల్నల్ గదిలో చూశామన్నవాళ్ళూ ఉన్నారు.

ఇంగా సర్దుతుందని కల్నల్ నమ్మాడు కాబోలు, సరిగ్గా పన్నెండున్నరకి తలుపులు తెరుచుకున్నాయి. నల్ల దుస్తుల్లో ఆరుగురు, వెనకాల కెమెరా, లైట్లు. ముందు కెప్టెన్, మెడలో ముల్లున్న పెట్టె. తొందరలో అతను పెట్టె చూడటానికన్నా ముందే, నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పాడు.

"పౌరులారా, కదలొద్దు! విదేశీ గూఢచారి సంస్థ ఆదేశాలు ఈ మహిళ చేతిలో ఉన్న పూలలో దాచి ఉన్నాయి!"

రిమ్మా పూలు ముందుకు చాపింది. కెప్టెన్ మొదటి కాడ విరిచాడు. నీళ్ళు కారాయి. రెండోది. మూడోది గోళ్ళతో నిలువునా చీల్చాడు. ఆకుపచ్చ పసరు తప్ప ఏమీ లేదు.

"పూల మీద కూడా కేసు పెడతావురా నాయనా?" అంది వెనక వరసలోంచి ఎవరో ఆడగొంతు.

"చేసింది చాల్లే, చీపురు పట్టుకుని ఊడ్చి పో!" అని అరిచింది క్లావా పిన్ని. హాలంతా నవ్వు. కెమెరా తిప్పాలో ఆపాలో తెలియక కెమెరామన్ అలాగే తీస్తున్నాడు.

అప్పుడు పెట్టె కీచుమంది. ముల్లు స్టేజీ వైపు చూపించలేదు. తెర పక్కన ఒంటరిగా నిలబడ్డ ముసలాయన కోటు వైపు చూపించింది. కెప్టెన్ నాలుగడుగులు వేశాడు, కెమెరా వెంటే వచ్చింది. అతను కొలుపాయెవ్ మొహం చూసి గుర్తుపట్టాడు.

"రొదియోన్ మట్వేయెవిచ్?" అన్నాడు గుసగుసగా. "మీరేంటి ఇక్కడ?"

కొలుపాయెవ్ పువ్వు తీసి కెమెరాకి కనబడేలా కెప్టెన్ చేతిలో పెట్టాడు. మైనం కింద ఉక్కు మెరిసింది.

"మన ఆఫీసుది కెప్టెన్. తీసుకెళ్ళి కల్నల్ దెమెంతియెవ్‌కి ఇవ్వు. ఒక్కటే అని మొహమాటపడొద్దను. బతికున్నవాళ్ళకి ఒక్కటైనా ఇవ్వొచ్చు."

కెమెరా లైటు అప్పుడారింది. కిటికీల మీది ఫోన్లు ఆరలేదు.

కొలుపాయెవ్‌ని తీసుకెళ్తుంటే రిమ్మా స్టేజీ దిగి ఎదురొచ్చింది. ఆమెకి అంతా అర్థమైంది. కృతజ్ఞత చెబుతుందేమోనని అతను భయపడ్డాడు. ఆమె చెప్పలేదు. గట్టిగా మాట్లాడలేదు కూడా. అతను చెవిటివాడు కాదని ఇప్పుడు తెలుసు.

"మీరు చేసే పని ఆల్యాకి తెలుసా?" అంది.

"తెలియదు."

"మంచోడని చెప్పారావిడ," అంది రిమ్మా. అంతే అంది.

ఏడేళ్ళ కిందట అతనికి బాత్‌రూం ఉంది. ఇప్పుడు నాలుగొందల మంది మధ్య దాక్కోవడానికి తలుపే లేదు.

*

జైల్లో పెట్టలేదు. పెట్టాలంటే ఆ పువ్వు ఎవరు తయారు చేశారో కోర్టుకి చెప్పాలి. నాలుగు రోజులు ఒక గదిలో కూర్చోబెట్టి అడిగారు. కల్నల్ మొదటి ప్రశ్న ఒకటే.

"నాలుగు కొనమంటే ఐదెందుకు కొన్నావురా?"

"నాలుగు అమ్మనంది."

"ఎవరు?"

"పూలావిడ."

కల్నల్ ఆ జవాబు రాసుకుని, చదువుకుని, కొట్టేశాడు. పై నెలలో అతన్ని ఎక్కడో మంచు తప్ప ఇంకేమీ లేని చోటికి బదిలీ చేశారు. రిమ్మా ఓడిపోయింది. లెక్కపెట్టింది గవర్నరు మనుషులే కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. కాని ఆమె తన వంటింట్లోనే ఉంది, జైల్లో లేదు.

వదిలిన రోజున కొలుపాయెవ్ క్లబ్బు ఎదురుగా ఉన్న కొట్టుకి వెళ్ళాడు. ఆల్యా రెండు పూలూ విచారణ గదిలోనే వాడిపోయాయి.

"రెండు," అన్నాడు.

పూలావిడ అతన్ని గుర్తుపట్టింది. ఆ వీడియో ఊరంతా చూసింది. తిట్టలేదు, పొగడలేదు. "ఎవరికి?"

"మా ఆవిడకి."

రెండూ చుట్టి, డబ్బు పుచ్చుకుని ఇచ్చింది.

సమాధి పక్క బల్ల మీద కూర్చుని, జేబులోంచి ఆఫీసు కాగితం తీసి ఆల్యాకి చదివి వినిపించాడు. ఇంతకాలం ఆమెకి చూపించిన కాగితాలన్నీ హీటింగ్ ఆఫీసువే. మొదటిసారి అసలుది చదివాడు. కొలుపాయెవ్ రొదియోన్ మట్వేయెవిచ్‌ని సర్వీసు నుంచి తొలగించడమైనది. కారణం: చూపు మందగించుట.

ఆ ఆఫీసు అతని గురించి రాసిన మొదటి నిజం అదే. ఇరవై ఆరేళ్ళు ఆలస్యంగా రాశారు, అంతే.